ఓల్డ్ నంబర్ వన్: ఒక బెంట్లీ కారు, ఒక బేరం

ఓల్డ్ నంబర్ వన్ అనేది బెంట్లీ మోటార్స్ వారి స్పీడ్ సిక్స్ రేసు కారు ఒకదానికి స్థిరపడిన పేరు. 1929 జూన్‌లో ఫ్రాన్స్‌లోని లె మాన్‌లో జరిగిన 24 గంటల పందెంలో ఆ కారు మీద రాసిన అంకె 1. ఆ పందెం గెలిచింది. మరుసటి ఏడాది 4వ నంబరుతో దిగి మళ్లీ గెలిచింది, పేరు మాత్రం మొదటి అంకెతోనే నిలిచిపోయింది. అరవై ఏళ్ల తర్వాత ఆ పేరు మీద కోటి పౌండ్లకు బేరం కుదిరింది. కొనడానికి ఒప్పుకున్నవారు వెనక్కి తగ్గడంతో, ఈ కారు ఆ కారేనా అన్న ప్రశ్న 1990లో లండన్ హైకోర్టుకు ఎక్కింది. పాత కార్ల వ్యాపారంలో చరిత్రకు ఎంత ధర ఉంటుందో, ఆ చరిత్రను రుజువు చేయడం ఎంత కష్టమో ఈ కేసు చూపినంత స్పష్టంగా మరొకటి చూపలేదు.

డబ్ల్యు.ఓ. బెంట్లీ 1919లో కంపెనీ పెట్టాడు. ఉత్తర లండన్‌లోని క్రికిల్‌వుడ్‌లో కార్ఖానా వెలిసింది. 1921 నుంచి కార్లు కొనుగోలుదారుల చేతికి అందాయి. బెంట్లీ అమ్మింది నిజానికి చాసిస్ వరకే: పొడవాటి ఉక్కు చట్రం, దాని మీద ఇంజను, గేర్‌బాక్సు, యాక్సిళ్లు, చక్రాలు. పై బాడీని కొన్నవారు వాన్‌డెన్ ప్లాస్, గర్నీ నటింగ్ వంటి బాడీ కట్టే సంస్థలలో తమకు నచ్చినట్టు కట్టించుకునేవారు. అందువల్ల బాడీ మారినంత మాత్రాన కారు మారిపోయిందని ఆ రోజుల్లో ఎవరూ అనుకోలేదు. చాసిస్ నంబరే కారుకు గుర్తు. ఒక్కో చాసిస్‌కు ఏ తేదీన ఏ మరమ్మతు జరిగిందో, ఏ భాగం మార్చారో కార్ఖానా సర్వీసు రికార్డులో రాసిపెట్టేది. బెంట్లీ కార్ల చరిత్ర తవ్వేవారికి ఇప్పటికీ పెద్ద దిక్కు ఆ రికార్డులే.

కంపెనీకి డబ్బు కొరత ఎప్పుడూ తీరలేదు. 1926లో వుల్ఫ్ బార్నాటో పెట్టుబడి పెట్టి ఛైర్మన్ అయ్యాడు. దక్షిణాఫ్రికా కింబర్లీ వజ్రాల గనుల్లో కోట్లు గడించిన బార్నీ బార్నాటో కొడుకు అతను. డబ్బు పెట్టి ఊరుకునే రకం కాదు, స్టీరింగ్ పట్టి పందేల్లో దిగేవాడు. లె మాన్‌లో మూడుసార్లు పాల్గొని మూడుసార్లూ గెలిచాడు. అతని కాలంలోనే, 1928లో, స్పీడ్ సిక్స్ వచ్చింది. ఆరు సిలిండర్లు, 6,597 సీసీ ఇంజను, సిలిండర్‌కు నాలుగు వాల్వులు, రెండేసి స్పార్క్ ప్లగ్గులు. మొత్తం 182 స్పీడ్ సిక్స్‌లు తయారయ్యాయి. పందేలకు ప్రత్యేకంగా సిద్ధం చేసినవి వాటిలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే.

1929 లె మాన్‌లో బార్నాటో, టిమ్ బర్కిన్ కలిసి ఈ కారును నడిపారు. మొదటి నాలుగు స్థానాలూ బెంట్లీలవే. రెండు వారాలు తిరగకుండానే ఇదే కారు ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్‌లో ఆరు గంటల పందెం గెలిచింది. 1930లో బార్నాటోకు తోడుగా గ్లెన్ కిడ్‌స్టన్ వచ్చాడు. రుడాల్ఫ్ కరాచియోలా నడిపిన మెర్సిడెస్ రాత్రి దాకా గట్టి పోటీ ఇచ్చి, చివరికి చెడిపోయి ఆగిపోయింది. ఒకే కారు వరసగా రెండేళ్లు లె మాన్ గెలవడం అదే మొదటిసారి. అయితే 1929లో గెలిచిన ఇనుమంతా 1930లో ఉందనుకోకూడదు. ఒక్కో పందెం తర్వాత కారును విప్పి, అరిగినదీ పగిలినదీ తీసేసి, అవసరమైతే చట్రంతో సహా కొత్తవి వేసి మళ్లీ బిగించడం రేసు కార్ఖానాల్లో నిత్యకృత్యం. అరవై ఏళ్ల తర్వాత కోర్టులో ముడిపడిన చిక్కంతా ఈ మామూలు పని నుంచే పుట్టింది.

ఆ గెలుపు తర్వాత బెంట్లీ పందేల నుంచి తప్పుకుంది. ఆర్థిక మాంద్యంలో ఖరీదైన కార్లు కొనేవారు కరువై 1931లో కంపెనీ దివాలా తీసింది. నేపియర్ కంపెనీ కొనబోతుండగా చివరి క్షణంలో రోల్స్ రాయిస్ వేరే సంస్థ పేరు చాటున ఎక్కువ ధర పాడి దక్కించుకుంది. కారు మాత్రం పరుగు ఆపలేదు. 1931లో బ్రూక్‌లాండ్స్ 500 మైళ్ల పందెంలో జాక్ డన్‌ఫీ, సిరిల్ పాల్ దానితో గెలిచారు. 1932 పందెం కోసం దానికి ఎనిమిది లీటర్ల ఇంజను ఎక్కించారు.

ఆ ఏడాది సెప్టెంబరు 24న జాక్ తమ్ముడు క్లైవ్ డన్‌ఫీ స్టీరింగ్ దగ్గర ఉన్నాడు. బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మలుపుల్లో గోడలా ఏటవాలుగా లేచిన కాంక్రీటు గట్టుకు అంచున కంచె లేదు. కారు గట్టు అంచు దాటి అవతల పడిపోయింది. క్లైవ్ ప్రాణం పోయింది. లె మాన్‌లో రెండుసార్లు గెలిచిన కారు కథ అక్కడితో ముగిసి ఉండవచ్చు. బార్నాటో దానిని పారేయనివ్వలేదు. మిగిలిన భాగాలతో తిరిగి కట్టించి, రోడ్డు మీద తిరిగే మూసిన కూపే బాడీ వేయించాడు. తర్వాతి దశాబ్దాల్లో కారు చేతులు మారింది. చివరికి కూపే బాడీ తీసేసి, లె మాన్ నాటి రూపాన్ని పోలిన తెరిచిన బాడీ కట్టారు.

1980ల చివర్లో పాత కార్ల ధరలు ఆకాశాన్నంటాయి. 1987లో లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్లో ఒక బుగాటీ రాయల్ 55 లక్షల పౌండ్లకు పోయింది. ఇలాంటి కార్లను తోలడానికి కొనేవారి కంటే పెట్టుబడిగా కొనేవారు పెరిగిన కాలమది. ఆ వేడిలోనే 1990లో మిడిల్‌బ్రిడ్జ్ సిమిటర్ అనే కంపెనీ ఓల్డ్ నంబర్ వన్‌ను కోటి పౌండ్లకు కొనడానికి ఒప్పుకుంది. తర్వాత, ఇది అసలు ఓల్డ్ నంబర్ వన్ కాదంటూ అడ్డం తిరిగింది. యజమాని కోర్టుకు వెళ్లాడు. అమ్మేటప్పుడు చెప్పిన వర్ణనకు సరుకు సరిపోవాలన్నది ఇంగ్లండ్ చట్టంలో పాత సూత్రం. భారతదేశపు 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలోనూ అదే సూత్రం ఉంది. కాబట్టి కోర్టు ముందున్న ప్రశ్న చూపుకు చిన్నదే: ఈ వస్తువుకు ఆ పేరు చెల్లుతుందా?

కేసు విన్న న్యాయమూర్తి జస్టిస్ ఆటన్ కారును భాగం భాగంగా విడదీసి చూసిన తీరు ఆయన తీర్పుకు ప్రాణం. 1929లో గెలిచిన కారులోనిది, తేదీ తేల్చలేని చిన్నచిన్న బిగింపులు ఉంటే ఉండవచ్చు గానీ, ఏమీ మిగల్లేదని ఆయన తేల్చారు. 1930 నాటి కారు నుంచి పెడల్ షాఫ్ట్, గేర్‌బాక్సు తొడుగు, స్టీరింగ్ కాలమ్ మిగిలాయి. 1932 ప్రమాదంలో ఉన్న కారు నుంచి మాత్రం చాలా వచ్చింది: చట్రం, స్ప్రింగులు, ముందు యాక్సిల్ దూలం, వెనుక బ్రేకులు, ఎనిమిది లీటర్ల ఇంజను. ఈ లెక్క చదివితే కొనేవారి వాదనే నిలుస్తుందనిపిస్తుంది.

అయినా న్యాయమూర్తి అమ్మినవారి పక్షానే తీర్పు చెప్పారు. పందేల తొలినాటి లోహం లేదు గనుక దీనిని 'ఒరిజినల్' అనడానికి వీల్లేదన్నారు. అలాగని నకలు అనడానికీ, ముక్కలు పోగేసి కొత్తగా కట్టినదనడానికీ వీల్లేదన్నారు. ఒక రూపం నుంచి మరో రూపానికి మారుతూ వచ్చినా, ఫలానా రోజున పాత కారు లేకుండా పోయింది, ఫలానా రోజున కొత్తది పుట్టింది అని గీత గీయగల చోటు దాని చరిత్రలో లేదు. ఓల్డ్ నంబర్ వన్ అనే పేరును న్యాయంగా కోరగల మరో బెంట్లీ ఉన్నవాటిలోనూ లేదు, పోయినవాటిలోనూ లేదు. కాబట్టి ఇదే నిజమైన ఓల్డ్ నంబర్ వన్.

ఈ తీర్పు న్యాయమైనదే. రేసు కారు బతుకే విప్పడం, బిగించడం. ఆ పని చేసిన చేతులు, చేయించిన యజమాని, మారిన ప్రతి భాగం స్థానం తెగకుండా కొనసాగినప్పుడు, తొలి ఇనుము పోయిందని పేరు లాగేసుకుంటే ఆ కాలపు పందేల కార్లలో చాలావాటికి పేరు మిగలదు. అయితే ఆ కొనసాగింపును నమ్మకం మీద వదిలేయకూడదు. దానికి బార్నాటో మరో కారే ఉదాహరణ. 1930 మార్చిలో అతను ఫ్రాన్స్ దక్షిణ తీరం నుంచి బ్లూ ట్రెయిన్ అనే రైలుతో పోటీపడి లండన్ చేరాడు. గర్నీ నటింగ్ కట్టిన అందమైన కూపే ఆ పరుగు తీసిన కారుగా దశాబ్దాలపాటు చెలామణి అయింది. ఆ కూపే ఆ ప్రయాణం తర్వాతే తయారైందనీ, బార్నాటో నడిపింది హెచ్.జె. మల్లినర్ సంస్థ కట్టిన బాడీ ఉన్న మరో స్పీడ్ సిక్స్ అనీ తర్వాత బయటపడింది.

వింటేజ్ బెంట్లీ కొనేవారు ఇప్పుడు చట్రం, ఇంజను, గేర్‌బాక్సు, యాక్సిళ్ల మీద కొట్టిన నంబర్లను ఒక్కొక్కటిగా సర్వీసు రికార్డుతో సరిచూస్తారు. ఏ భాగం ఏ సంవత్సరానిదో విడిగా రాయించుకుంటారు.