రారిటన్ బిడ్డ జాన్ బాసిలోన్

న్యూజెర్సీలో మా రారిటన్ రెండు చదరపు మైళ్ళ ఊరు. సోమర్‌సెట్ వీధి కూడలిలో, మెషిన్‌గన్‌ను రెండు చేతులా పొదివి పట్టుకుని నిలబడ్డ ఓ సైనికుడి కంచు విగ్రహం ఉంది. అతనే జాన్ బాసిలోన్. విగ్రహాన్ని చెక్కింది చిన్ననాటి స్నేహితుడు ఫిలిప్ ఒర్లాండో.

జాన్ 1916లో బఫెలోలో పుట్టినా, పెరిగింది ఇక్కడే. ఇటలీ నుంచి వలస వచ్చిన దర్జీ కొడుకు, పదిమంది పిల్లల్లో ఒకడు. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి, గోల్ఫ్ మైదానంలో ఆటగాళ్ళ సంచులు మోశాడు. కొన్నాళ్ళు ఆర్మీలో పనిచేసి, 1940లో మెరైన్‌గా చేరాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 అక్టోబర్ 24 రాత్రి, పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ దీవిలో విమానాశ్రయం కోసం జపాన్ సేన విరుచుకుపడింది. జాన్ కింద ఉన్న ఒక మెషిన్‌గన్ దళంలో ఇద్దరే మిగిలారు. అతను ఇంకో గన్‌ను మోసుకెళ్ళి అక్కడ నిలబెట్టాడు. చెడిపోయిన మరోదాన్ని తూటాల వానలోనే బాగుచేసి తానే పేల్చాడు. తూటాలు అయిపోవస్తే శత్రువుల మధ్య నుంచి దారి చేసుకుని వెళ్ళి తెచ్చాడు. ఆ రాత్రికి దక్కింది మెడల్ ఆఫ్ ఆనర్, అమెరికాలో అత్యున్నత సైనిక పతకం.

1943 సెప్టెంబర్ 19న అతనికి స్వాగతం పలకడానికి ఈ చిన్న ఊరికి దాదాపు 30 వేల మంది వచ్చారు. యుద్ధఖర్చుల కోసం ప్రజలకు అమ్మే బాండ్ల ప్రచారంలో అతన్ని దేశమంతా తిప్పారు. ఆఫీసరు హోదా ఇస్తామన్నారు. అవేవీ వద్దని, తన వాళ్ళతో కలిసి యుద్ధానికి వెళ్తానని పట్టుబట్టాడు. 1944 జూలైలో, మెరైన్ సార్జెంట్ లీనాను పెళ్ళాడాడు. 1945 ఫిబ్రవరి 19న, ఇవోజిమా దీవిలో దిగిన మొదటి రోజే నేలకొరిగాడు. అప్పటికే ఒక శత్రు స్థావరాన్ని కూల్చి, మందుపాతరల్లో చిక్కిన ట్యాంకును గట్టెక్కించాడు. అందుకు మరణానంతరం నేవీ క్రాస్ ఇచ్చారు. లీనా మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.

పతకం తెచ్చిన రాత్రి కన్నా, హాయిగా ఇంటిపట్టున ఉండే అవకాశాన్ని కాదనుకున్న రోజే నా దృష్టిలో గొప్పది. ప్రాణం మీదికి వస్తే తెగించేవాళ్ళు ఉంటారు. ఏం జరుగుతుందో తెలిసి మళ్ళీ వెళ్ళేవాళ్ళు అరుదు.

న్యూజెర్సీ టర్న్‌పైక్ రహదారి మీద రారిటన్ నదిని దాటించే వంతెనకు ఉన్నది అతని పేరే. మా ఊరి పక్కనే ఉన్న బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడికి వచ్చే తెలుగువారు ఎందరో! దర్శనమయ్యాక ఓసారి మా కూడలి దాకా రండి. ఏటా సెప్టెంబర్‌లో అతని పేరిట జరిగే పరేడ్‌కు పిల్లల్ని తీసుకురండి.