కంటి నుంచి తోక దాకా

1985లో నాకు కొత్తగా లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. ఇంటర్ సెకండియర్ పిల్లలకు జువాలజీ చెప్పాలి. ఫలదీకరణం పాఠంలో వీర్యకణాల సంగతి వచ్చేసరికి క్లాసంతా తలలు దించేసుకునేది. నేనూ కొత్తే. లక్షల కణాలు ఈదుతాయి, బలమున్నది ముందు చేరుతుంది అని గబగబా చెప్పేసి బోర్డు తుడిచేసేదాన్ని. ఇరవై ఏళ్ళకు పైగా ఆ పరుగుపందెం కథే చెప్పాను. అది తప్పని చాలా ఆలస్యంగా తెలిసింది. వీర్యకణం వాసన పట్టి దారి వెతుక్కుంటుంది. కన్నూ ముక్కూ ఏ పనిముట్లతో పనిచేస్తాయో, వాటికి దగ్గర చుట్టాలే దాని తోకలో ఉన్నాయి. దీన్ని తేల్చినవాళ్ళలో ముందు చెప్పుకోవలసినవాడు బెంజమిన్ కౌప్ అనే జర్మన్ జీవరసాయన శాస్త్రజ్ఞుడు. ఆయన మొదలుపెట్టింది కంటితో.

అనుమానం మాత్రం పాతదే. డెల్ఫ్ట్ ఊళ్ళో లీవెన్‌హుక్ తోకలాడించే ఆ కణాలను తన కటకం కింద చూసింది 1677లో. 1884లో విల్‌హెల్మ్ ఫెఫర్ ఫెర్న్ మొక్కల వీర్యకణాలున్న నీటిలో, మాలిక్ ఆమ్లం నింపిన సన్నటి గాజు గొట్టం పెట్టి చూశాడు. కణాలన్నీ గొట్టం మూతి దగ్గర మూగాయి. 1912 ప్రాంతంలో అమెరికా తూర్పు తీరాన వుడ్స్‌హోల్‌లో ఫ్రాంక్ లిల్లీ ఇలాంటి పరీక్షలే సముద్రపు అర్చిన్లతో చేశాడు. ఒళ్ళంతా ముళ్ళున్న గుండ్రటి జీవులివి. మన విశాఖ తీరంలో రాళ్ళ సందుల్లోనూ ఉంటాయి. వీటి ఫలదీకరణం నీళ్ళలోనే, మన కళ్ళ ముందే జరుగుతుంది. కాస్త పొటాషియం క్లోరైడు ద్రావణం ఎక్కిస్తే చాలు, కోట్ల కణాలను వదిలేస్తాయి. శాస్త్రజ్ఞులు వందేళ్ళకు పైగా ఈ జీవిని వదలకపోవడానికి అదే కారణం.

నేను ఉద్యోగంలో చేరిన ఆ ఏడే రెండు పరిశోధనలు అచ్చయ్యాయి. ఒకదానికొకటి సంబంధం ఉందని అప్పుడెవరూ అనుకుని ఉండరు. ఒకటి అమెరికాలో జరిగింది. ఆర్బేసియా అనే అర్చిన్ అండం చుట్టూ ఉండే జిగురు పొరలో రిసాక్ట్ అనే చిన్న పెప్టైడ్ ఉంది, పద్నాలుగే అమైనో ఆమ్లాల గొలుసు. ఆ జాతి వీర్యకణాలను రప్పించేది అదేనని తేలింది. రెండోది మాస్కోకు దక్షిణాన ఉన్న పుష్చినో ఊరిది, కంటికి సంబంధించినది.

ఇక్కడ కాస్త ఆగాలి. చీకట్లో కన్ను విశ్రాంతి తీసుకుంటుందనుకుంటాం. నేత్రపటలంలోని దండకణాలకు చీకటే పని వేళ. కణత్వచంలో అయాన్లు దాటడానికి ప్రోటీన్ ద్వారాలుంటాయి, అవే అయాన్ చానెళ్ళు. దండకణంలో ఇవి కొన్ని చీకట్లో తెరుచుకుని ఉంటాయి. సోడియం, కాల్షియం లోపలికి ప్రవహిస్తూనే ఉంటాయి. వెలుగు పడితే మూసుకుంటాయి. ఆ మూసుకోవడమే మెదడుకు అందే కబురు. మరి వాటిని నడిపేదెవరు? కాల్షియం అని ఒక వర్గం, సైక్లిక్ జీఎంపీ అనే చిన్న అణువని ఇంకో వర్గం ఏళ్ళ తరబడి వాదించుకున్నాయి. పుష్చినోలో ఫెసెంకో, ఆయన సహచరులు కప్ప దండకణం త్వచంలోంచి ఒక చిన్న ముక్కను గాజు పిపెట్ కొనకు పట్టి, లోపలి వైపు సైక్లిక్ జీఎంపీ తగిలించారు. చానెళ్ళు తెరుచుకున్నాయి. మధ్యలో ఏ ఎంజైమూ అక్కర్లేకపోయింది, అణువే నేరుగా వెళ్ళి తాళం తీసింది. చాలామంది ఊహించనిది ఇదే.

తాళం కనపడింది, తలుపు ఇంకా చేతికి రాలేదు. ఆ పని కౌప్ బృందం చేసింది. 1987లో ఓస్నాబ్రూక్‌లో పశువుల నేత్రపటలాల నుంచి ఆ ప్రోటీన్‌ను విడదీసి శుద్ధి చేశారు, కృత్రిమ త్వచంలో అమర్చి అది పనిచేస్తోందని చూపించారు. కబేళా నుంచి వచ్చే కళ్ళతో మొదలై ఒక్క ప్రోటీన్ దగ్గర ఆగే ఆ చాకిరీని నేను ఊహించుకోగలను. డిగ్రీలో ఒక్క ఎంజైమును శుద్ధి చేయలేక వారాలు పోగొట్టుకున్న చేతులివి. 1989లో క్యోటోలో షోసాకు నూమా ప్రయోగశాలతో కలిసి దాని జన్యు సమాచారం చదివారు. 690 అమైనో ఆమ్లాల ప్రోటీన్ అది. మరుసటి ఏడాదికే ముక్కులోని చానెల్ వరుస కూడా తెలిసింది. రెండూ ఒకే కుటుంబం.

తర్వాత జూలిక్‌లో కౌప్ బృందం వీర్యకణాల వైపు తిరిగింది. 1994లో క్షీరదాల వీర్యకణాల్లోనూ అదే కుటుంబపు చానెల్ బయటపడింది. నాకైతే ఈ కథలో అన్నిటికంటే గొప్ప మలుపు ఇదే. కంటి మనిషి కాబట్టే ఆయనకు వీర్యకణంలో ఒక ఇంద్రియం కనపడింది. ఎందుకంటే ఆర్బేసియా వీర్యకణంలో రిసాక్ట్ తగలగానే పుట్టేదీ సైక్లిక్ జీఎంపీయే. కంట్లో వెలుగు పడితే అది తగ్గుతుంది, సోడియం ద్వారాలు మూసుకుంటాయి. వీర్యకణంలో అది పెరుగుతుంది, పొటాషియం ద్వారాలు తెరుచుకుంటాయి. దారులు ఎదురెదురు. అయినా రెండు చోట్లా కణం లోపలి వోల్టేజి రుణాత్మకం వైపే జరుగుతుంది. ఆ తర్వాత కాల్షియం తోకలోకి వస్తుంది, తోక వంపు మారుతుంది, కణం మలుపు తిరుగుతుంది.

2003లో ఈ బృందం వెలుగు తగిలితే తప్ప విడుదల కాని రూపంలో సైక్లిక్ జీఎంపీని కణాల్లోకి పంపి, మెరుపు కొట్టి చూసింది. కాల్షియం లోపలికొచ్చింది. ఒక్క రిసాక్ట్ అణువు తగిలినా కణం స్పందించగలదని కూడా వాళ్ళ కొలతల్లో తేలింది. ఒక్క ఫోటాన్‌కు దండకణం స్పందిస్తుందని 1942లోనే హెక్ట్, ష్లేర్, పిరెన్ చెప్పారు. ఆ ఇంద్రియానికి ఇది తీసిపోదు.

తోక ఆడేది ఏటీపీ అనే శక్తి అణువు బలంతో. దాన్ని 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి గుర్తించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా కనుక్కున్నాడు. ఈ పేర్లు రాయకుండా నా బోర్డు ఎప్పుడూ తుడవలేదు.

మనుషుల విషయానికి వస్తే, కాల్షియం లోపలికొచ్చే ప్రధాన ద్వారం క్యాట్‌స్పర్. 2001లో అమెరికాలో క్లాఫమ్ బృందం దీన్ని కనుక్కుంది. ఆ జన్యువు లేని మగ ఎలుకలకు పిల్లలు పుట్టలేదు. 2011లో బాన్‌లో కౌప్, స్ట్రుంకర్ల బృందం, శాన్ ఫ్రాన్సిస్కోలో లిష్కో, కిరిచోక్‌ల బృందం విడివిడిగా ఒకే మాట చెప్పాయి: అండం చుట్టూ ఉన్న కణాల నుంచి వచ్చే ప్రొజెస్టిరాన్ మనిషి వీర్యకణంలో క్యాట్‌స్పర్‌ను తెరుస్తుంది. అంతకు రెండేళ్ళ ముందే ఇరాన్‌లో రెండు కుటుంబాల మగవాళ్ళ సంతానలేమికి ఈ చానెల్ జన్యువులో మార్పులే కారణమని తేలింది.

ఆ ఇరాన్ సంగతి చదివిన రోజు నేను మా పిన్ని దగ్గరికి వెళ్ళాను. పెళ్ళయిన నాటి నుంచి రావిచెట్టు చుట్టూ తిరిగింది, మొక్కులు మొక్కింది, నలుగురిలో గొడ్రాలనిపించుకుంది. మా బాబాయిని ఒక్కసారి కూడా పరీక్షకు తీసుకెళ్ళలేదు. నేను చెబుతుంటే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నది. చానెల్, జన్యువు, అవేవీ అడగలేదు.

"అయితే అమ్మాయీ, అది మగవాళ్ళకీ ఉంటుందన్నమాట" అంది. తర్వాత ఒడిలోని కాయలన్నీ అయ్యేదాకా ఏమీ మాట్లాడలేదు.