బగ్ ఎక్కడుందో చూడకుండానే...

ప్రోగ్రాం పనిచెయ్యకపోతే మనమేం చేస్తాం? తేలిగ్గా, చవగ్గా చెక్ చెయ్యగలిగిన చోట ముందు చూస్తాం. అక్కడేం దొరక్కపోతేనే లోపలి కోడ్ విప్పుతాం. పిల్లలు పుట్టకపోవడానికి కారణం వెతకడంలో మాత్రం వైద్యచరిత్ర చాలాకాలం దీనికి తలకిందులుగా నడిచింది.

1677లో హాలెండ్‌లోని డెల్ఫ్ట్ ఊళ్ళో లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి, తను తయారు చేసుకున్న మైక్రోస్కోపులో వీర్యకణాలు చూసి లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. అంటే పనిముట్టు అప్పటికే ఉంది. కానీ పిల్లల్లేని జంటలో మగవాడి కణాల్ని కూడా చూడాలన్న ఆలోచన వైద్యంలో నిలదొక్కుకోవడానికి ఇంకో రెండొందల ఏళ్ళు పట్టింది. మగవాడు సంసారానికి పనికొస్తే చాలు, ఇక లోపం ఆవిడదే అన్న నమ్మకం అంత గట్టిది మరి.

అమెరికా డాక్టరు మేరియన్ సిమ్స్ 1866లో వేసిన పుస్తకంలో, దంపతులు కలిసిన తర్వాత భార్య నుంచి నమూనా తీసి మైక్రోస్కోపులో చూడటం గురించి రాశాడు. అసభ్యమని తోటి వైద్యులు మండిపడ్డారు. (ఈ సిమ్సే 1840లలో అలబామాలో బానిస స్త్రీల మీద మత్తుమందు లేకుండా ఆపరేషన్లు చేసినవాడు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులోని ఆయన విగ్రహాన్ని 2018లో తీసేశారు.) 1913లో మాక్స్ హ్యూనర్ ఈ పరీక్షని ఒక పద్ధతిలో పెట్టాడు. గమనించారా? మగవాడి కణాలు చూడాలన్నా బల్ల మీద పడుకోవాల్సింది ఆడమనిషే!

ఇక అండవాహికలు మూసుకుపోయాయేమో నమ్మకంగా తెలియాలంటే అప్పట్లో చాలావరకు పొట్ట కోసి చూడాల్సిందే. 1919లో న్యూయార్క్‌లో ఇసిడోర్ రూబిన్ గర్భాశయంలోకి గ్యాస్ పంపి చూశాడు. దారి తెరిచి ఉంటే గ్యాస్ పొట్టలోకి చేరుతుంది, లేచి కూర్చోగానే ఆవిడకి భుజం నొప్పెడుతుంది. నొప్పే రిపోర్టన్నమాట! తర్వాత మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే, 1960లలో లాపరోస్కోపీ వాడకంలోకి వచ్చాయి.

మరి వీర్యకణాల్ని లెక్కపెట్టడం? బోస్టన్‌లో మకోంబర్, సాండర్స్ అనే ఇద్దరు డాక్టర్లు ఆ లెక్కలు ప్రచురించింది 1929లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పరీక్షకి మొదటి మాన్యువల్ వేసింది 1980లో. ఆరో కూర్పు 2021లో వచ్చింది.

ఇప్పుడు పద్ధతి స్పష్టంగానే ఉంది. ఏడాది ప్రయత్నించినా (భార్యకి 35 దాటితే ఆరు నెలలకే) గర్భం రాకపోతే ఇద్దర్నీ ఒకేసారి పరీక్షించాలి. ఆవిడకి అండం విడుదలవుతోందా, వాహికలు తెరిచున్నాయా అని చూస్తారు. ఆయనకి వీర్యపరీక్ష, అది తేడాగా వస్తే మళ్ళీ ఒకసారి. సూది లేదు, కోత లేదు. సుమారు సగం జంటల్లో మగవాడి వైపు కారణం కూడా ఉంటుంది. అన్నీ మామూలుగానే వచ్చినా గర్భం రానివాళ్ళూ ఉంటారు, అది ఎవరి తప్పూ కాదు.

మన దగ్గర "గొడ్రాలు" అన్న తిట్టు ఉంది గానీ, మగవాడికి అంటించే అలాంటి మాట వాడుకలో ఎప్పుడైనా విన్నారా? రెండో పెళ్ళిళ్ళు ఎన్ని జరిగాయో, వాటిలో ఎన్నిసార్లు లోపం పెళ్ళికొడుకుదో ఎవరు లెక్కపెట్టారు? మైక్రోస్కోపు పుట్టి నాలుగొందల ఏళ్ళయింది. ఇంకా "నాకు రిలీజ్ ఉంది, ముందు నువ్వెళ్ళి చూపించుకో" అంటే ఎలాగండీ? మొదటిరోజే ఇద్దరూ కలిసి వెళ్ళండి. అన్నిటికన్నా తేలికైన టెస్టు మనదే.