ఆయన పనిని నిలబెట్టిన ఇల్లు

బధిరుల చదువుకు అమెరికాలో బాట వేసిన మహనీయుడు థామస్ హాప్కిన్స్ గాలడెట్. పొరుగింటి బధిర బాలిక ఆలిస్‌కు చదువు చెప్పించాలన్న తపనతో 1815లో ఐరోపా వెళ్లారు. పారిస్‌లో సంజ్ఞల భాష అభ్యసించి, బధిర ఉపాధ్యాయుడు లారెంట్ క్లెర్క్‌ను వెంటబెట్టుకొచ్చారు. 1817 ఏప్రిల్ 15న హార్ట్‌ఫర్డ్‌లో పాఠశాల తెరిచారు. ఆలిస్‌తోపాటు అక్కడ చదివిన సోఫియాను 1821లో వివాహమాడారు. వారికి ఎనిమిది మంది సంతానం.

1830లో పాఠశాల బాధ్యతల నుంచి విరమించి, 1851లో కన్నుమూశారు. అంతటితో ఆ పని ఆగలేదు. 1857లో చిన్న కుమారుడు ఎడ్వర్డ్ 20 ఏళ్లకే వాషింగ్టన్‌లో బధిర, అంధ బాలల పాఠశాల బాధ్యత చేపట్టారు. మనం పదవీ విరమణ చేసే ఈడులో, 59 ఏళ్లకు, సోఫియా అక్కడ మేట్రన్‌గా కొలువులో చేరారు! 1864లో అక్కడే కళాశాల వెలసింది. 1894లో దానికి థామస్ పేరు పెట్టారు. ఆయన మొదలుపెట్టిన పనిని ఇల్లాలూ బిడ్డా నిలబెట్టారు.