నీలి తెర చరిత్ర - ఒక పాత గుమాస్తా మనవి



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శిగారు కోరారు. కోటల గురించి, రాజుల గురించి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను మన ఇళ్లలో బల్లమీద ఉండే కంప్యూటరు చరిత్రలోనుంచి ఒక చిన్న అధ్యాయం ఎంచుకున్నాను. పని సాగుతుండగా తెర ఒక్కసారిగా నీలమై, తెల్లని ఇంగ్లీషు అక్షరాలు వచ్చి, యంత్రం నిలిచిపోవడం మీరూ చూసే ఉంటారు. దీనికి లోకంలో స్థిరపడిన పేరు ‘బ్లూ స్క్రీన్ ఆఫ్ డెత్’. రెండేళ్ల క్రితం మా ఇంట ఒక నెలలో ఇది తొమ్మిదిసార్లు వచ్చింది. అందువల్ల జరిగిన నష్టం చివర మనవి చేస్తాను.

పుట్టుక

నేడు మనం వాడే విండోస్‌కు మూలపురుషుడు 1993 జూలైలో మైక్రోసాఫ్ట్ కంపెనీ విడుదల చేసిన విండోస్ ఎన్‌టీ. అందులో ఈ నీలి తెరను జాన్ వెర్ట్ అనే ఇంజనీరు రాశారు. తరువాత వచ్చిన విండోస్ 95లోని నీలి తెరను రేమండ్ చెన్ తుది రూపానికి తెచ్చారు. అంతకుముందు విండోస్ 3.1లో కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మీటలు కలిపి నొక్కితే వచ్చే తెరలోని మాటలు మాత్రం తరువాత ఆ కంపెనీ అధిపతి అయిన స్టీవ్ బామర్ రాసినవి. 2014లో చెన్ ఈ సంగతి చెప్పగా, నీలి తెర అంతా బామర్‌దేనని కొన్ని పత్రికలు పొరపాటుగా రాశాయి. చెన్ మళ్లీ సవరణ ఇవ్వవలసి వచ్చింది.

ఎందుకు ఆగుతుంది?

మనం ఉత్తరం టైపు చేసే ప్రోగ్రాము తప్పు చేస్తే అది ఒక్కటే మూతపడుతుంది. మిగతా పని సాగుతుంది. కాని విండోస్‌కు కెర్నెల్ అనే లోపలి గది ఒకటి ఉంది. మెమరీ, డిస్కు అన్నీ దాని ఆధీనంలో ఉంటాయి. పరికరాలకు, విండోస్‌కు మధ్య దుబాసీగా పనిచేసే డ్రైవర్లలో చాలావరకు ఆ గదిలోనే మెలగుతాయి. అక్కడ తప్పు జరిగితే ఏ లెక్క నమ్మాలో యంత్రానికి తెలియదు. పని సాగనిస్తే డిస్కులోని మంచి ఫైళ్లు కూడా చెడవచ్చు. అందుకని తానే పని ఆపి, కారణాన్ని సూచించే ఒక కోడు తెరమీద రాసి, ఆ సమయంలో మెమరీలో ఉన్నది డిస్కులో దాచే ప్రయత్నం చేస్తుంది.

మనకు తెలిసిన మాటల్లో చెప్పాలంటే ఇది ట్రెజరీ వారి అభ్యంతరం. పద్దు తప్పుంటే బిల్లు వాపసు వచ్చేది. జీతాలు ఆలస్యమైనాయని మనం విసుక్కునేవాళ్లం. కాని ఏది దిద్దాలో ఆ చీటీలోనే ఉండేది. చీటీ చదవకుండా అదే బిల్లు మళ్లీ శుభ్రంగా టైపు చేసి పంపితే ఏమవుతుందో మీకు తెలుసు.

రెండు ప్రసిద్ధ సంఘటనలు

1998 ఏప్రిల్ 20న అమెరికాలోని చికాగోలో జరిగిన కామ్‌డెక్స్ ప్రదర్శనలో, ఇంకా విడుదల కాని విండోస్ 98ను బిల్ గేట్స్ సమక్షంలో సభకు చూపుతున్నారు. సహాయకుడు ఒక స్కానరు తగిలించగానే వేదికమీద పెద్ద తెర నీలమైంది. సభ గొల్లుమంది. అందుకే దీన్ని ఇంకా అమ్మడం లేదన్న అర్థంలో గేట్స్ చమత్కరించి సర్దుకున్నారు. ఆ విండోస్ జూన్ 25న బజారుకు వచ్చింది.

రెండవది నవ్వులాట కాదు. 2024 జూలై 19, శుక్రవారం. క్రౌడ్‌స్ట్రయిక్ అనే రక్షణ సాఫ్ట్‌వేరు కంపెనీ మన కాలమానం ప్రకారం ఉదయం 9.39కి ఒక చిన్న ఫైలు పంపింది. 78 నిమిషాలలో దాన్ని సరిచేసినా, ఆలోగానే నష్టం జరిగిపోయింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం సుమారు 85 లక్షల యంత్రాలు నీలి తెరతో ఆగిపోయాయి. విమానాలు, ఆసుపత్రులు, బ్యాంకులు ఇబ్బంది పడ్డాయి. హైదరాబాదు విమానాశ్రయంలో సిబ్బంది బోర్డింగ్ పాసులు చేతితో రాసి ఇచ్చారు. కారణం చూస్తే గుమాస్తాలమైన మనకు ఆశ్చర్యం కలగదు. 20 గడులు నింపి ఇచ్చిన చోట ప్రోగ్రాము 21వ గడి చదవబోయింది. లేని గడి కోసం మెమరీలో తనది కాని చోటికి వెళ్లింది. విండోస్ ఆపివేసింది. చాలా యంత్రాలను సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలును ఒక్కొక్కచోట చేతితో తొలగించవలసి వచ్చింది.

మా ఇంటి అనుభవం

మా కంప్యూటరులో సంఘ సభ్యుల పింఛను ఉత్తర ప్రత్యుత్తరాలు ఉండేవి. నీలి తెర మొదట వచ్చినప్పుడు రిపేరు షాపుకు పంపాను. తెరమీద ఏమి రాసి వచ్చిందని అక్కడి కుర్రవాడు అడగలేదు, నేను రాసుకోలేదు. తెరమీద కనబడినవి కాపీ తీసి, మిగతాదంతా ఫార్మాట్ చేసి ఇచ్చాడు. అందులో, కీర్తిశేషుడైన మన సభ్యుడొకరి భార్య కుటుంబ పింఛను కోసం నేను రెండేళ్లుగా రాసిన 11 ఉత్తరాలు పోయాయి. నకళ్ల కోసం ఆమెను వెంటబెట్టుకొని మళ్లీ ఆఫీసులు తిరిగాను. పని మరో నాలుగు నెలలు వెనకబడింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

పదవ రోజునే నీలి తెర మళ్లీ వచ్చింది. ఈసారి ఒక నోటుపుస్తకంలో తేదీ, వేళ, అప్పుడు చేస్తున్న పని, కోడు అని నాలుగు గడులు గీశాను. నెల తిరిగేసరికి తొమ్మిది పద్దులు వచ్చాయి. ప్రతిసారి ఒకే కోడు, ఒకే ఫైలు పేరు కనబడితే ఆ డ్రైవరును అనుమానించాలట. నా పుస్తకంలో కోడు దాదాపు ప్రతిసారి మారింది, చేస్తున్న పనీ మారింది. అటువంటప్పుడు మెమరీ, వేడి, కరెంటు సరఫరా వైపు చూడాలి. విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నస్టిక్ నడిపితే తప్పు బయటపడింది. కరెంటు ప్లగ్గు తీసివేసి, మా మనవడు రెండు ర్యామ్ పలకల్లో ఒక్కొక్కటే ఉంచి పరీక్షించాడు. ఒకటి చెడిపోయింది. అది మార్చాక నీలి తెర మళ్లీ రాలేదు. చెడిన పలకకు ఫార్మాట్ ఎన్నిసార్లు చేసినా మందు కాదు.

చివరి మనవి

విండోస్ ఎక్స్‌పీ నాటినుంచి యంత్రం తనంతట తానే మళ్లీ మొదలవుతుంది కనుక, కోడు చదివే వ్యవధి ఉండకపోవచ్చు. ఈవెంట్ వ్యూయర్‌లో అది సాధారణంగా దొరుకుతుంది. తెర కనబడితే సెల్‌ఫోనుతో ఫొటో తీయండి. షాపువారికి ముందు ఆ ఫొటో చూపండి, ఫార్మాట్ మాట తరువాత. 2025లో విండోస్ 11కు వచ్చిన మార్పుతో నీలం పోయి నలుపు వచ్చింది. 2012నుంచి ఉన్న ఏడుపు ముఖం బొమ్మ కూడా పోయింది. కోడు మాత్రం ఉంది.

ఆమెకు పింఛను మంజూరైంది. ఆ ఫైలు నకలు ఇప్పుడు రెండు పెన్ డ్రైవుల్లోను, మా బీరువాలో ఒక కాగితాల కట్టలోను ఉన్నది.