ద్రాక్షతోట లేని నేలలో ప్రభువు పాత్ర: కోనసీమ చరిత్ర నుండి ఒక పరిశీలన

మహారాష్ట్రలోని నాసిక్ సమీపంలో ఉన్న సులా ద్రాక్షతోటల సంస్థ 2005లో సందర్శకుల కోసం ఒక రుచి గదిని తెరిచింది. వైన్ ఎలా తయారవుతుందో చూపించి, రకానికి ఒక గుక్క చొప్పున రుచి చూపించడం ఇలాంటి చోట్ల వాడుక. అక్కడికి విహారానికి వెళ్లివచ్చిన యువ విశ్వాసులు కాపరిని అడిగే ప్రశ్న ఒకటుంది: "కానా విందులో ప్రభువు చేసింది ఇదే కదా, ఒక గుక్క రుచి చూస్తే తప్పేమిటి?" దీనికి వాక్యంతోపాటు మన ప్రాంత చరిత్రను కూడా పరిశీలించి జవాబు చెప్పాలన్నదే ఈ వ్యాస ఉద్దేశం.

చెట్టు, కుండ, సున్నం

గౌతమీ తీరాన, ఆత్రేయపురం మండలంలోని వాడపల్లి చుట్టూ వరిచేలు, కొబ్బరితోటలు, గట్ల మీద తాళ్లు కనిపిస్తాయి. ఈ నేలలో పానీయం ద్రాక్షగానుగ నుండి కాక తాటిగెల నుండి వచ్చింది. గెలను గీసి కుండ కడతారు. కుండ లోపల సున్నం పూసి, తెల్లవారకముందే దించితే అది తియ్యని నీరా. సున్నం లేకపోతే కుండలోనే పులవడం మొదలై, పొద్దెక్కేసరికి కల్లవుతుంది. రసానికీ మత్తుకూ మధ్య ఉన్న దూరం కొద్ది గంటలేనని ఇక్కడి గీతకార్మికునికి ఏ గ్రంథమూ చదవకుండానే తెలుసు.

దుకాణం, దేశోద్యమం

ఆంగ్లేయుల పాలనలో ఈ కల్లు ప్రభుత్వానికి పెద్ద రాబడి అయింది. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం కింద గీతకూ అమ్మకానికీ లైసెన్సు కావలసివచ్చింది. దుకాణాలను వేలం వేశారు, చెట్టుకు పన్ను కట్టించారు. కూలివాడు తాగిన ప్రతి ముంతలో సర్కారుకు వాటా ఉండేది. అందుకే కల్లు దుకాణాల ముందు పికెటింగు జాతీయోద్యమంలో ముఖ్యభాగమైంది. 1931 మార్చి 5న కుదిరిన గాంధీ-ఇర్విన్ ఒడంబడిక శాంతియుతమైన పికెటింగును అనుమతించింది. అదే నెల 30న వాడపల్లి రథోత్సవంలో గాంధీజీ పటం ఉంచిన విషయమై పోలీసులు కాల్పులు జరపగా నలుగురు మరణించారు. ఆ కాల్పులకు కారణం కల్లు కాదు. అయినా ఆ కాలపు గోదావరి పల్లెల్లో మద్యాన్ని మానడం, స్వాతంత్ర్యాన్ని కోరడం ఒకే ఉద్యమంలోని పనులు. కనుక మన సంఘాల మద్యనిరోధాన్ని మిషనరీలు తెచ్చిన విదేశీ పద్ధతిగా మాత్రమే చూడడం సరికాదు.

పాత్రలో ఏమి పోయాలి?

ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ పిలుపునందుకొని విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు 1836లో ఇంగ్లండు నుండి బయలుదేరి వచ్చారు. నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేసింది వారే. వారు బ్రదరెన్ సహవాసానికి చెందినవారు గనుక ప్రతి ఆదివారం రొట్టె విరవడం వారి ఆచారం. ద్రాక్ష పండని చోట వారం వారం ద్రాక్షాఫలపు పాత్ర కావాలి! ఈ ఇబ్బంది కొత్తది కాదు. కేరళలోని తోమా క్రైస్తవులు ఎండుద్రాక్షను నీటిలో నానబెట్టి పిండిన రసాన్ని ప్రభువు బల్లకు వాడేవారు. 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు ద్రాక్షరసాన్ని వేడిచేసి పులవకుండా నిలువచేసే పద్ధతిని బల్ల కోసమే కనిపెట్టాడు. మన తాటికుండలో సున్నం చేసిన పనినే ఆయన సీసాలో వేడితో చేశాడు.

తెలుగు బైబిలులో రెండు మాటలు

గ్రీకులో 'ఓయినొస్' అనే ఒకే మాట ఉండగా, మన బైబిలు యోహాను 2లోను, 1 తిమోతి 5:23లోను దానిని 'ద్రాక్షారసము' అనీ, ఎఫెసీ 5:18లో 'మద్యము' అనీ అనువదించింది. దీనివల్ల మొదటిది పండ్లరసం, రెండవది సారా అనే భావం మన శ్రోతల్లో స్థిరపడింది. కాని నోవహు మత్తుడైంది 'ద్రాక్షారసము' వల్లనే (ఆది. 9). బల్ల స్థాపనను వర్ణించే భాగాల్లో 'ఓయినొస్' అసలు లేదు; అక్కడున్నది 'ద్రాక్షవల్లి ఫలం' అనే మాట (మార్కు 14:25). కనుక మాటను బట్టి మాత్రమే వాదించేవారు ఇరువైపులా జాగ్రత్తపడాలి.

కాపరికి వర్తమానం

కొరింథులో ప్రభువు బల్ల దగ్గరే కొందరు మత్తులయ్యారు, కొందరు ఆకలితో మిగిలారు (1 కొరింథీ 11:21). పౌలు అక్కడ పానీయాన్ని మార్చమనలేదు, ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకొని ఉండమన్నాడు. మన సంఘాల్లో కనిపెట్టవలసింది ఎవరికోసం? తాగుడు మానిన అన్న కోసం, భర్త తాగుడు వల్ల దెబ్బలు తిన్న అక్క కోసం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాపై తిరగబడింది అలాంటి స్త్రీలే. వారి పోరాటం వల్ల 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చాయి; 1997లో ఆ సంపూర్ణ నిషేధం సడలిపోయింది. చట్టం వస్తుంది, పోతుంది. బల్ల దగ్గర బలహీనుని కాపాడే బాధ్యత మాత్రం సంఘానిదే. అలాగే తాళ్లెక్కి ప్రాణాలకు తెగించి బ్రతికే గీతకార్మికుని కుటుంబాన్ని ప్రసంగవేదిక మీదనుండి అవమానించే హక్కు మనకు లేదు.

రుచి గదికి వెళ్లిన యువకునికి కాపరి చెప్పగల జవాబు ఇదే: అక్కడ మనం పానీయాన్ని పరీక్షిస్తాం, ప్రభువు బల్ల దగ్గర మనల్ని మనమే పరీక్షించుకోవాలి (1 కొరింథీ 11:28). ఆ పరీక్షలో మొదటి ప్రశ్న, "నా గుక్క వల్ల నా ప్రక్కనున్న సహోదరుడు తొట్రిల్లుతాడా?" అన్నదే (రోమా 14:21).