అఖాతము దాటిన నీరు, దాటని విద్యుత్తు

ఒక నగరము దూరపు కొండలలో ఆనకట్ట కట్టి త్రాగునీరు తెచ్చుకొనునపుడు, ఆ నీటితోపాటు మఱియొక సంపద కూడ లభించును. ఎత్తునుండి పల్లమునకు దిగు నీరు టర్బైనును త్రిప్పును; టర్బైను విద్యుచ్ఛక్తిని పుట్టించును. కావున కొండలనుండి నగరమునకు రెండు దారులు వేయవలసి వచ్చును. ఒకటి నీటికి గొట్టపుదారి, రెండవది విద్యుత్తునకు తీగెదారి. ఒకే నదినుండి బయలుదేరిన ఈ రెండును ఒకే ఊరికి చేరునని ఎవరైనను తలంతురు. కాని అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరపు అనుభవము వేరు. అచ్చట నీరు గమ్యము చేరినది. నగరపు తీగె మాత్రము దారిలో నిలిచిపోయినది. అందుకు కారణము కొండలు కావు, నదులు కావు.

దప్పిగొన్న నగరము

శాన్ ఫ్రాన్సిస్కో పసిఫిక్ తీరమున ఒక ద్వీపకల్పపు కొనమీద నున్నది. దానికి మూడు వైపుల ఉప్పునీరే. 20వ శతాబ్దారంభమున నగరమునకు కావలసిన నీటిని స్ప్రింగ్ వ్యాలీ అను ప్రైవేటు కంపెనీ సరఫరా చేయుచుండెను. నగరమునకు సొంత నీటివనరు ఉండవలెనని తలచి, మేయరు జేమ్స్ ఫీలన్ 1901లో సియెర్రా నెవాడా పర్వతములలోని టువాలమీ నదీజలములపై హక్కుకొఱకు దరఖాస్తు పెట్టెను. 1906 ఏప్రిల్ 18న గొప్ప భూకంపము వచ్చెను. నేలలోని నీటిగొట్టములు పగిలిపోయెను. వెంటనే చెలరేగిన మంటలను ఆర్పుటకు నీరు చాలక, నగరములో అధికభాగము కాలిపోయెను. అటుపిమ్మట సొంత నీటికొఱకు పౌరుల కోరిక మఱింత బలపడెను.

అయితే నగరము కోరిన హెచ్ హెచీ లోయ యోసెమిటీ జాతీయోద్యానవనములో నుండెను. నిటారు రాతిగోడల నడుమ పచ్చికబయళ్లతో నిండిన ఆ లోయను ముంచరాదని ప్రకృతి పరిశోధకుడు జాన్ మ్యూర్ తీవ్రముగ పోరాడెను. చివరకు 1913 డిసెంబరు 19న అధ్యక్షుడు విల్సన్ రేకర్ చట్టముపై సంతకము చేసెను. లోయ నగరము వశమయ్యెను. మ్యూర్ మఱుసటి సంవత్సరమే మరణించెను.

చట్టములోని షరతు

ఆ చట్టము లోయను ఊరక ఇయ్యలేదు. ఇచ్చట లభించు నీటిని గాని విద్యుత్తును గాని, తిరిగి అమ్ముకొనుటకై ఏ ప్రైవేటు వ్యక్తికిని, కంపెనీకిని అమ్మరాదని 6వ విభాగము శాసించెను. జాతి యంతటికి చెందిన ఒక లోయను ముంచుటకు ప్రతిఫలముగ, ఆ శక్తి ప్రజలకు నేరుగా అందవలెనని ఆ షరతులోని భావము. తరువాతి కథ కంతటికి ఈ షరతే మూలము.

పనులను నగరపు ఇంజనీరు ఓషానెసీ నడిపించెను. సామగ్రిని చేర్చుటకు ముందుగా 68 మైళ్ల రైలుమార్గము వేయబడెను. పనులకు కావలసిన విద్యుత్తుకొఱకు 1918లో ఒక చిన్న విద్యుత్కేంద్రము వెలసెను. 1923లో ఆనకట్ట పూర్తియై లోయ జలాశయముగ మారెను. దిగువన 19 మైళ్ల సొరంగము గుండ ప్రవహించిన నీరు, మొకాసిన్ అను చోట వెయ్యి అడుగులకు పైగా క్రిందికి దిగి టర్బైనులను త్రిప్పునట్లు ఏర్పాటు చేయబడెను. మొకాసిన్ కేంద్రము 1925లో పనిచేయ నారంభించెను.

దూరమునకు విద్యుత్తు పోవు విధము

ఇంత దూరమునకు విద్యుత్తును పంపుటలో ఒక చిక్కు కలదు. తీగెలో ప్రవాహము పాఱునపుడు కొంత శక్తి వేడిమిగా మారి నష్టమగును. ఈ నష్టము ప్రవాహముయొక్క వర్గమును బట్టి యుండును. ప్రవాహము రెట్టింపైనచో నష్టము నాలుగు రెట్లగును. అంతే శక్తిని పదిరెట్లు ఎక్కువ ఓల్టేజితో పంపినచో ప్రవాహము పదవవంతు చాలును. నష్టము నూరవవంతునకు తగ్గును. అందుచేతనే విద్యుత్కేంద్రమువద్ద ట్రాన్స్‌ఫార్మరుతో ఓల్టేజిని పెంచి, గమ్యమువద్ద ఉపకేంద్రములో తగ్గింతురు. మొకాసిన్ తీగెలు లక్ష ఓల్టులకు మించిన ఓల్టేజితో పనిచేయునట్లు నిర్మింపబడెను.

ఉక్కు స్తంభములపై సాగిన ఈ తీగెలు కొండలు దిగి, విశాలమైన శాన్ వాకీన్ మైదానమును దాటి, సుమారు 99 మైళ్లు పడమటికి వచ్చి, శాన్ ఫ్రాన్సిస్కో అఖాతపు తూర్పు గట్టున నున్న న్యూవార్క్ చేరెను. అచ్చట ఆగిపోయెను. నగరము ఆవలి గట్టున నున్నది. అఖాతమును దాటియో చుట్టియో పోవలసిన దారి ఇంకను మిగిలియుండెను.

న్యూవార్కులో పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ అను ప్రైవేటు కంపెనీకి ఉపకేంద్ర ముండెను. ఆ కంపెనీ తీగెలు నగరములోని ఇండ్లకును కర్మాగారములకును అప్పటికే పోవుచుండెను. మిగిలిన తీగెదారికిని, ఇంటింటికి పోవు పంపిణీ తీగెలకును నగరమువద్ద ధనము లేదు. 1925లో నగరము ఆ కంపెనీతో ఒడంబడిక చేసికొని, విద్యుత్తును న్యూవార్కువద్ద దాని తీగెలలోనికి వదలెను. కంపెనీ దానిని తన ధరలకు వినియోగదారుల కిచ్చి, నగరమునకు సొమ్ము చెల్లించుచుండెను.

విచిత్రమేమనగా, నీటిగొట్టము ఆ ప్రాంతముననే, 1925లోనే, అఖాతమును దాటెను. నీటికి దొరికిన దారి విద్యుత్తునకు దొరకలేదు.

ఏజెంటా, కొనుగోలుదారా?

కంపెనీ తమకు ఏజెంటు మాత్రమే, తాము విద్యుత్తును అమ్ముటలేదు అని నగరపాలకులు వాదించిరి. ఇచ్చట ఒక భౌతికసత్యమును గుర్తింపవలెను. తీగెల వలలో కలిసిన విద్యుత్తుపై ఎవరి ముద్రయు నుండదు. మొకాసిన్ విద్యుత్తు ఏ ఇంటి దీపమును వెలిగించెనో చెప్పుట అసాధ్యము. మీటరు లెక్కలును ఒడంబడిక మాటలును తప్ప వేఱు సాక్ష్యము లేదు. అందువలన వివాదము న్యాయస్థానమునకు పోక తప్పలేదు.

సొంత తీగెలకు, పంపిణీ వ్యవస్థకు కావలసిన ఋణము తీసికొనుటకు ఓటర్ల అనుమతి కావలెను. 1927నుండి 1941వఱకు 8 పర్యాయములు ఓటింగు జరిగెను. 8 పర్యాయములును ప్రతిపాదన ఓడిపోయెను. కంపెనీ దానికి వ్యతిరేకముగ గట్టి ప్రచారము చేసెను. పెద్ద ఋణభారమునకు వెఱచిన పౌరులును కలరు.

ఈ లోపల నీటిదారి ముందునకు సాగెను. కోస్ట్ పర్వతశ్రేణిలో 25 మైళ్ల సొరంగము త్రవ్వుచుండగా 1931లో వాయువు పేలి 12 మంది పనివారు మరణించిరి. 1934 అక్టోబరు 28న హెచ్ హెచీ నీరు ద్వీపకల్పమును చేరెను. ఓషానెసీకి ఆ దినమును చూచు భాగ్యము కలుగలేదు. 16 దినముల ముందే ఆయన కన్నుమూసెను.

1937లో కేంద్ర ఆంతరంగిక వ్యవహారముల కార్యదర్శి హెరాల్డ్ ఇకీస్ చొరవతో ప్రభుత్వము నగరముపై దావా వేసెను. 1940 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఒడంబడికలో ఏ పేరు వ్రాసినను, జరుగుచున్నది తిరిగి అమ్ముకొనుటకై కంపెనీకి విద్యుత్తును అప్పగించుటయే, అది చట్టవిరుద్ధము అని న్యాయమూర్తి బ్లాక్ వ్రాసెను. అయినను మఱుసటి యేడు ఓటర్లు మరల నిరాకరించిరి.

1945లో క్రొత్త ఏర్పాటు కుదిరెను. కంపెనీ తన తీగెలపై నగరపు విద్యుత్తును కూలికి మోసికొనిపోవును. దానితో నగరపు ప్రభుత్వసంస్థలు నడచును. మిగులు విద్యుత్తు మొడెస్టో, టర్లాక్ ప్రాంతముల నీటిపారుదల సంఘములకు పోవును. అటుపిమ్మటను నగరపు ట్రాములకు, ఆసుపత్రికి, విమానాశ్రయమునకు కొండల విద్యుత్తు అందినది గాని, అత్యధికసంఖ్యాకులైన పౌరుల ఇండ్లకు పోవు తీగెలు కంపెనీవిగానే నిలిచినవి. 2019లో నగరము ఆ తీగెలను 250 కోట్ల డాలర్లకు కొనజూచెను, కంపెనీ అంగీకరింపలేదు.

పటముపై తీగెదారిని గీయువారు కొండ ఎత్తును, నది వెడల్పును, తీగె బరువును లెక్కింతురు. ఆ లెక్కలన్నియు శాన్ ఫ్రాన్సిస్కో ఇంజనీర్లకు సరిగానే కుదిరెను. 99 మైళ్లు వచ్చిన తీగెకు మిగిలిన కొద్ది మైళ్లు అసాధ్యము కాదు. ఆ మైళ్లకు కావలసిన ధనమును పౌరులు ఒప్పుకొనవలసి యుండెను, వారు ఒప్పుకొనలేదు. ఏ షరతుపై లోయ మునిగెనో, ఆ షరతులో నీటికి సంబంధించిన భాగము నెరవేరెను. విద్యుత్తునకు సంబంధించిన భాగము న్యూవార్కు గట్టుననే మిగిలిపోయెను.